చూసిన నాటకం మీద వ్యాసం రాయడం ఎలా

నాటకం చూసి వ్యాసం రాసుకురమ్మంటే మన పిల్లల్లో ఎక్కువమంది కథ రాసుకొస్తారు. హరిశ్చంద్రుడు అబద్ధమాడలేదు, రాజ్యం పోయింది, ఆలుబిడ్డల్ని అమ్ముకున్నాడు, కాటికాపరి అయ్యాడు, చివర్లో దేవుళ్లు ప్రత్యక్షమయ్యారు. నాలుగు పేజీలు నిండిపోతాయి. ఆ నాలుగు పేజీలు రాయడానికి నాటకానికి పోవాల్సిన పనే లేదు, ఇంట్లో అవ్వను అడిగినా ఆ కథ చెప్తుంది. మీరు ఆ రాత్రి మూడు గంటలు కూర్చుని చూసిందీ విన్నదీ అందులో ఒక్క వాక్యం కూడా ఉండదు.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. ఇలాంటి వ్యాసాలు ఏళ్ల తరబడి దిద్దుతున్నాను, ప్రతిసారీ నాకు బాధ వేసేది ఒకటే. ఈ పిల్లలకు చూసే కన్ను లేక కాదు. నాటకం అయిపోయాక బయట టీ తాగుతూ "ఆయప్ప పద్యం మధ్యలో కిరీటం జారితే ఒక చేత్తో పట్టుకుని, రాగం తెగకుండా పాడినాడు చూడు" అని ఎంత చక్కగా చెప్పుకుంటారో. పేపరు ముందు కూర్చునేసరికి ఆ కిరీటం పోతుంది, ఆ చెయ్యి పోతుంది, "పాత్రధారి ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేశాడు" అనే గైడు వాక్యం వచ్చి కూర్చుంటుంది. టీ దగ్గర మాట్లాడిన మాటను పేపరు మీదికి ఎట్లా తేవాలన్నదే ఇక్కడ చెప్తాను. కొంచెం ఓపిగ్గా చదవండి, ఒక నాటకానికి పోయేటప్పుడు దీన్ని పక్కన పెట్టుకోండి.

వెళ్లే ముందు

మీరు చూడబోయేది ఏ రకమో ముందు తెలుసుకోవాలి. పద్యనాటకమా, సాంఘిక నాటకమా, నాటికా, ఏకపాత్రాభినయమా, తోలుబొమ్మలాటా. ఎందుకంటే ఒక్కోదాన్ని ఒక్కో కొలతతో చూడాలి. పద్యనాటకంలో దుర్యోధనుడు రాగం తీస్తుంటే "నిజ జీవితంలో ఎవరూ ఇలా మాట్లాడరు, సహజత్వం లోపించింది" అని ఒక అబ్బాయి రాశాడు. సంగీత కచేరీకి పోయి వీళ్లు మాట్లాడకుండా పాడుతున్నారేంటి అన్నట్టు ఉంది ఆ మాట. అదే సాంఘిక నాటికలో, కరువుకు ఊరొదిలి బెంగళూరు బస్సెక్కే రైతు పుస్తకంలో తెలుగు మాట్లాడితే అప్పుడు ఆ విమర్శ నిలబడుతుంది. నాటకం, నాటిక ఒకటే అనుకోవద్దు. పరిషత్తు పోటీల్లో నాటిక అంటే సుమారు గంటలో ముగిసేది, నాటకం దానికన్నా పెద్దది. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాలల నాటిక ఇలా వేరువేరుగా పోటీలు పెట్టింది కూడా వీటికి కొలతలు వేరు కాబట్టే.

రెండో పని, నాటకం పుస్తకం దొరికితే చదవడం. మొత్తం చదవలేకపోతే ముఖ్యమైన ఒకటి రెండు సీన్లయినా చదవండి. కడప పిల్లలకు సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉంది, మిగతావాళ్లు జిల్లా గ్రంథాలయంలో పాత బీరువాల వైపు ఒకసారి అడిగి చూడండి. చదవడం దేనికంటే, పుస్తకంలో ఉన్నదానికీ స్టేజీ మీద ఆడినదానికీ మధ్య తేడా పట్టుకోవడానికి. మన పల్లెల్లో పద్యనాటకం అచ్చులో ఉన్నట్టే ఆడడం చాలా అరుదు. హరిశ్చంద్రనే తీసుకోండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, కానీ కాటి సీనులో జనం కళ్లనీళ్లు పెట్టుకుని వినే శ్మశానవాటి పద్యాలు జాషువా గారివి. ఇది తెలియక "బలిజేపల్లి వారు శ్మశానాన్ని వర్ణించిన తీరు అద్వితీయం" అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, ఒక్క వాక్యంతో వ్యాసం మీద నమ్మకం పోతుంది. తెలిసినవాళ్లకు మాత్రం అక్కడే ఒక మంచి ప్రశ్న దొరుకుతుంది: వేరే కవి పద్యాలు ఈ నాటకంలోకి వచ్చి ఇంతగా ఎలా ఒదిగిపోయాయి, నటుడు బలిజేపల్లి పద్యం నుంచి జాషువా పద్యంలోకి వెళ్లేటప్పుడు గొంతు మార్చాడా, అట్లే పోయాడా?

ఎక్కడ చూడాలి అని కూడా అడుగుతారు. కర్నూలులో టీజీవీ కళాక్షేత్రం, అనంతపురంలో లలిత కళా పరిషత్తు, ఈ రెండు చోట్లా ఏం జరుగుతోందో కనుక్కుంటూ ఉండండి. హాలే కావాలని లేదు. శ్రీరామనవమికో ఊరి జాతరకో రాత్రంతా ఆడే కురుక్షేత్రం మీద రాసిన వ్యాసాలు నేను చదివినవాటిలో చాలా మంచివి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే, ఆడించే కుటుంబాలు ఉన్నాయి, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాట మీద రాసే పిల్లలు తక్కువ, రాస్తే కొత్తగా ఉంటుంది.

హాల్లో కూర్చున్నాక

జేబులో పట్టే చిన్న పుస్తకం, ఒక పెన్సిలు. ఫోనులో రాసుకుంటాను అనకండి, చీకట్లో ఆ వెలుగు పక్కవాళ్లకూ స్టేజీ మీద ఉన్నవాళ్లకూ కూడా ఇబ్బంది. మొదటి వరసలో కూర్చోవద్దు. ముఖాలు బాగా కనిపిస్తాయి గానీ స్టేజీ మొత్తం ఒక బొమ్మలా కనపడదు, ఐదారు వరసలు వెనక మధ్యలో అయితే రెండూ అందుతాయి.

తెర లేవగానే మొదటి నిమిషంలో స్టేజీ పటం గీయండి. నాలుగు గీతలు చాలు. కుర్చీ ఎక్కడ, గుమ్మం ఎక్కడ, హార్మోనియం ఎటు పక్క. కుడి ఎడమల దగ్గర అందరూ తికమక పడతారు, నటుడి కుడి మనకు ఎడమ అవుతుంది. అందుకే వ్యాసంలో ఒకసారి "కుడి, ఎడమ అని నేను రాసేవి ప్రేక్షకుల వైపు నుంచి" అని చెప్పేస్తే చిక్కు ఉండదు.

డైలాగులు రాసుకోవడానికి ప్రయత్నించవద్దు, రాస్తూ కూర్చుంటే చూడలేరు. మూడు నాలుగు మాటల్లో గుర్తు పెట్టుకోండి: "తల్లి - చెంబు కింద పెట్టలేదు", "పద్యం ముందు దమ్ము", "లైటు ఎర్రగా, తొందరగా వచ్చింది". హాలు మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైనా, ఈలలు పడినా, వన్స్ మోర్ అన్నా, మీ ఒళ్లు జలదరించినా అక్కడ ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కలే రేపు మీ వ్యాసం.

ఏం చూడాలో తెలియక చాలామంది కథ వెంట కొట్టుకుపోతారు. దానికి భరతుడి నాట్యశాస్త్రంలో చెప్పిన నాలుగు అభినయాలు ఇప్పటికీ పనికొస్తాయి. పరీక్షలో నిర్వచనాలు రాయడానికి బట్టీ పట్టే ఈ నాలుగు మాటలను హాల్లో కూర్చుని నాలుగు కిటికీల్లా వాడుకోండి.

ఆంగికం అంటే ఒంటితో చేసేది. నడక, చూపు, చెయ్యి. భీముడు వేసినాయన గద ఎట్లా పట్టుకున్నాడో చూడండి, అట్టతో చేసిన గదకు బరువు తెచ్చేది ఆయన భుజమే. బరువు ఎక్కడ తెచ్చాడు, ఎక్కడ మరిచిపోయి కట్టెపుల్లలా ఊపాడు అన్నది రాయదగ్గ సంగతి. వాచికం గొంతు. పద్యాన్ని అర్థం దగ్గర విరిచాడా, పాదం చివర విరిచాడా, దమ్ము చాలక విరిచాడా? ఈ ఒక్క ప్రశ్నతో రెండు పేజీలు రాయొచ్చు. మాటకు అర్థం పూర్తికాకుండానే రాగం మొదలుపెట్టి సాగదీస్తే వినేవాళ్లకు సంగీతం దొరుకుతుంది, సంగతి జారిపోతుంది. ఆహార్యం అంటే దుస్తులు, నగలు, రంగు మాత్రమే అనుకుంటారు, స్టేజీ మీద వాడే వస్తువులూ అందులోకే వస్తాయి. సాత్త్వికం అన్నిటికన్నా కష్టమైనది: కన్నీరు, వణుకు, గొంతు బొంగురుపోవడం, నిలువునా కొయ్యబారిపోవడం. వెనక వరసలో ఉన్నవాళ్లకు కన్నీరు కనపడదు, అయినా ఏడుపు అందిందంటే అది దేని ద్వారా అందింది? భుజాల కదలికా, మాట తడబాటా, హార్మోనియం ఒక్కసారి ఆగిపోవడమా? ఇది పట్టుకున్నవాళ్ల వ్యాసం నేను రెండోసారి చదువుతాను.

ఈ నాలుగింట్లోకి రానివి కూడా ఉంటాయి. లైట్లు, సంగీతం, జనం. మైకు సంగతి మాత్రం తప్పకుండా చూడండి, ఎందుకో దాని గురించి ఎవరూ రాయరు. పల్లె స్టేజీ మీద ముందు వైపు నిలబెట్టిన మైకుల దగ్గరికి వచ్చి పద్యం పాడాలి. అందువల్ల ద్రౌపది, దుర్యోధనుడు ఎదురెదురుగా తిట్టుకోవాల్సిన చోట ఇద్దరూ జనం వైపే చూస్తూ నిలబడతారు. నటుడి మీద ఇది పెద్ద కట్టుబాటు. మంచి నటుడు దాన్ని కూడా వాడుకుంటాడు. పద్యం మైకు ముందు జనానికి చెప్పి, వచనానికి వెనక్కి వెళ్లి ఎదుటి పాత్ర ముఖంలోకి చూసి చెప్తాడు. అప్పుడు పద్యం లోకానికి చెప్పినట్టు, వచనం మనిషికి చెప్పినట్టు అవుతుంది. మీరు చూసినాయన ఏం చేశాడో రాసుకోండి.

జనాన్ని కూడా చూడండి. పద్యం నచ్చి వన్స్ మోర్ అంటే చచ్చిపోతున్న పాత్ర కూడా మళ్లీ పాడాల్సి వస్తుంది. మధ్యలో ఎవరో స్టేజీ ఎక్కి నటుడి చొక్కాకు నోటు గుచ్చుతారు, మైకులో దాత పేరు చదువుతారు. పట్నం వాళ్లు దీన్ని ఆటంకం అంటారు. నాకు అట్లా అనిపించదు. ఊరు ఆ నటుణ్ణి ఎట్లా గౌరవిస్తుందో అక్కడ కనపడుతుంది, నోటు గుచ్చిన మరుక్షణం ఆ నటుడు పాత్రలోకి ఎట్లా తిరిగి వెళ్లాడన్నది ఆయన నేర్పును కొలిచే చోటు.

అదే రాత్రి

ఇంటికి వచ్చాక నిద్రపోకముందు ఇరవై నిమిషాలు కూర్చోండి. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా. తెల్లారేసరికి కథ మాత్రం మిగిలి ప్రదర్శన ఆరిపోతుంది, ఇది నాకు చాలాసార్లు అనుభవమే. చుక్కలు పెట్టినవాటిలో గట్టిగా గుర్తున్న మూడు తీసుకుని, ఒక్కోదాన్ని ఐదారు వాక్యాల్లో, వ్యాకరణం పట్టించుకోకుండా, స్నేహితుడికి చెప్తున్నట్టు రాయండి. ఈ లోపల యూట్యూబ్‌లో అదే నాటకం చూడకండి. చూస్తే మీ జ్ఞాపకంలోకి వేరే నటుడు వచ్చేస్తాడు. పైగా కెమెరా ఎవరి ముఖం చూపిస్తే మనం వాళ్లనే చూస్తాం, హాల్లో మాత్రం మాట్లాడని పాత్ర ఏం చేస్తోందో చూసే స్వేచ్ఛ మీది.

ఒక్క ప్రశ్న

మరుసటి రోజు ఆ మూడు ముక్కలూ చదివి, వాటిలో నుంచి ఒక్క ప్రశ్న తీయండి. "ఈ నాటకంలో నటన, సంగీతం, సెట్టింగు, లైటింగు" అని అన్నీ వరసగా రాయాలనుకుంటే ఒక్కోదానికి మూడు వాక్యాలు దక్కుతాయి, ఏదీ లోతుకు పోదు. ఒక్కటి పట్టుకోండి.

పడక సీను తీసుకుని చూపిస్తాను, అది అందరికీ తెలిసిందే కాబట్టి. తిరుపతి వెంకట కవుల నాటకంలోది. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు కృష్ణుడి దగ్గరికి వస్తారు, కృష్ణుడు నిద్రలో ఉంటాడు, దుర్యోధనుడు ముందు వచ్చి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ల వైపు. లేవగానే కృష్ణుడికి అర్జునుడే కనపడతాడు. చాలామంది ఈ సీను మీద ఇట్లా రాస్తారు:

"శ్రీకృష్ణ పాత్రధారి తన గాన మాధుర్యంతో ప్రేక్షకులను అలరించాడు. ఆయన పాడిన పద్యాలు వీనులవిందు చేశాయి. దుర్యోధన పాత్రధారి కూడా చక్కగా నటించాడు. రంగాలంకరణ కన్నుల పండువగా ఉంది."

దీన్ని ఏ నాటకానికైనా, ఏ ఊరికైనా అతికించొచ్చు. అతికేదాన్ని కొట్టేయండి. ఇప్పుడు ఇంకోటి చూడండి, తాడిపత్రి వైపు ఒక ఊళ్లో నేను చూసినదాన్ని బట్టి రాస్తున్నాను:

"మంచం ప్రేక్షకులకు అడ్డంగా వేశారు. తలవైపు, ఎడమన, ఎత్తు కుర్చీలో దుర్యోధనుడు కూర్చున్నాడు. కాళ్ల వైపు అర్జునుడు నిలబడ్డాడు. కృష్ణుడు కళ్లు తెరిచి అర్జునుణ్ణి పలకరించాడు. దుర్యోధనుడు కావాలని దగ్గితే గానీ ఎడమకు తిరగలేదు. తిరిగాక కూడా పద్యం వెంటనే ఎత్తుకోలేదు. 'బావా' అన్న ఒక్క మాటను ఇంట్లో పిలిచినట్టు మామూలుగా అన్నాడు. హార్మోనియం ఆగింది, జనం నవ్వారు. అప్పుడు అదే 'బావా'ను రాగంతో ఎత్తుకుని పద్యంలోకి వెళ్లాడు. మొదటి పిలుపులో చుట్టరికం వినపడింది, రెండోదానిలో రాజకీయం. దుర్యోధనుడికి మాత్రం రెండూ ఒకటిగానే వినపడ్డాయని ఆయన మీసం దువ్వుకోవడంలో తెలిసింది. ఈ సీనులో మోసం జరిగేది మాటల్లో కాదని, మాటకూ రాగానికీ మధ్య ఉన్న ఆ ఆగడంలోనని నాకు అనిపించింది."

ఇందులో ఉన్నవి మూడు పనులే. ఏం కనపడిందో చెప్పడం, దాన్ని ఎట్లా చేశారో చెప్పడం, అలా చేయడం వల్ల సీనుకు ఏ అర్థం వచ్చిందో చెప్పడం. మొదటి రెండూ రాసి మూడోది వదిలేస్తే అది వర్ణన అవుతుంది. మూడోది మాత్రమే రాస్తే నమ్మడానికి ఆధారం ఉండదు. ప్రతి పేరాలో మూడూ ఉన్నాయా అని వేలు పెట్టి చూసుకోండి. "నాకు అనిపించింది" అని రాయొచ్చా సార్ అని అడుగుతారు. రాయొచ్చు, కానీ ముందు పది వాక్యాలు కష్టపడి ఆ అనిపించడానికి కారణం చూపించాలి.

ఇట్లాంటి ప్రశ్నలే ఇంకొన్ని: మాట్లాడని పాత్ర ఆ సీను మొత్తం ఏం చేసింది? చంద్రమతి బిడ్డ శవాన్ని మోసిన తీరు పద్యం పాడేటప్పుడు మారిందా? సాంఘిక నాటికలో ఇల్లు చూపించడానికి వాళ్లు వాడిన వస్తువులు ఎన్ని, అందులో నిజంగా పనికొచ్చినవి ఎన్ని? బొమ్మలాటలో బొమ్మ తెరకు దగ్గరగా, దూరంగా కదిలినప్పుడు నీడ ఎట్లా మారింది, దాన్ని దేనికి వాడుకున్నారు?

ఎవరు చేసిన పని ఎవరికి

ఇక్కడ అందరూ తప్పు చేస్తారు. "రచయిత ఈ సన్నివేశంలో కృష్ణుణ్ణి ఆలస్యంగా తిప్పి హాస్యం పండించాడు" అని రాస్తారు. ఆ ఆలస్యం పుస్తకంలో ఉందా? లేదంటే అది నటుడిదో దర్శకుడిదో. మాట రాసింది రచయిత, ఆ మాట ఎక్కడ నిలబడి అనాలో తేల్చింది దర్శకుడు, ఎట్లా అన్నది నటుడు. నటుడా దర్శకుడా అని మీకు తేలకపోతే "ఈ ప్రదర్శనలో" అని రాయండి, సరిపోతుంది.

తెలుగులో మనకు ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. నాటకం పుస్తకం గురించి చెప్పేటప్పుడు "కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, అంటాడు, అడుగుతాడు" అని రాయండి. ఆ రాత్రి ప్రదర్శన గురించి చెప్పేటప్పుడు "వెళ్లాడు, అన్నాడు, అడిగాడు" అని రాయండి. క్రియ చూడగానే చదివేవాళ్లకు మీరు అచ్చులో నాటకం గురించి చెప్తున్నారో స్టేజీ మీది నాటకం గురించి చెప్తున్నారో తెలిసిపోతుంది. అట్లే పాత్రకు ఏకవచనం, నటుడికి గౌరవ వచనం. "దుర్యోధనుడు మీసం దువ్వాడు" పాత్ర. "దుర్యోధన పాత్ర వేసినాయన రెండో అంకానికి గొంతు అలిసిపోయారు" నటుడు. ఈ రెండు అలవాట్లు వస్తే సగం గందరగోళం పోతుంది. పేజీలో పాత్రకూ మనిషికీ మధ్య గీత ఉండాలి, అది లేనప్పుడే "దుర్యోధనుడు దమ్ము చాలక ఇబ్బంది పడ్డాడు" లాంటి వాక్యాలు వస్తాయి.

స్వగతం, జనాంతికం అనే మాటలు కూడా తెలిసి వాడండి. స్వగతం తనలో తాను అనుకునేది. జనాంతికం, స్టేజీ మీద ఒకరికి మాత్రం చెప్పి మిగతావాళ్లకు వినపడనట్టు నటించేది. రెంటినీ నటుడు ఏ సైగతో వేరు చేశాడో కనిపెట్టడం మంచి అభ్యాసం.

మన ప్రాంతం చరిత్రను ఎక్కడ పెట్టాలి

"నాటకాంతం హి సాహిత్యం" అని మొదలుపెట్టి, భరతుడి నుంచి ఒక పేజీ చరిత్ర రాసి, ఆ తర్వాత చూసిన నాటకానికి రావడం మానేయండి. చరిత్ర అక్కర్లేదని కాదు. నాకు చాలా ఇష్టమైన భాగం అదే. మన ప్రాంతానికి ఉన్న నాటక చరిత్ర మన పిల్లలకే తెలియకపోవడం నన్ను కలచివేస్తుంది. కానీ మీరు చూసినదాన్ని తాకే చోట మాత్రమే అది రావాలి.

ఉదాహరణకు, మీరు చూసిన నాటకంలో వెనక తెరల మీద వనం, రాజసభ, వీధి బొమ్మలు గీసి ఉన్నాయి, పాత్రలు తీగలతో గాలిలోకి లేచాయి అనుకోండి. అక్కడ సురభిని గుర్తు చేయండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం వాళ్లు కీచక వధ ఆడారు, ఆ ఊరి పేరే ఆ నాటక సమాజానికి పేరైంది. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాడించే వంశం. ఇప్పుడు ఆ తెరలనూ ఆ మాయలనూ బొమ్మలాట కళ్లతో చూడండి, మీకు రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

చంద్రమతి పాత్ర ఒక ఆవిడ వేసి కాటి సీనును తన గొంతుతో నిలబెట్టిందనుకోండి. అక్కడ బళ్లారి రాఘవ గురించి రాయడం పొందికగా ఉంటుంది. 1880లో మన తాడిపత్రిలో పుట్టిన ఆయన, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఆడవాళ్లను స్టేజీ మీదికి తెచ్చినవారు. పద్యాల గురించి రాస్తుంటే ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు వస్తారు. బళ్లారిలో సరస వినోదినీ సభ పెట్టి, చిత్రనళీయంతో మొదలుపెట్టి నాటకాలు రాసి ఆడించిన మనిషి, ఆంధ్ర నాటక పితామహుడని పేరు. విషాదాంతం మీద రాస్తుంటే ఆయన విషాద సారంగధర గుర్తుకు రావాలి. సంస్కృత పద్ధతిలో నాటకం శుభంగా ముగియాలి, ఆయన దాన్ని దాటి తెలుగులో విషాదంతో ముగించారు. మీరు చూసిన కరువు నాటిక రైతు చావుతో ముగిస్తే, అలా ముగించే ధైర్యం ఎక్కడ మొదలైందో రెండు వాక్యాల్లో చెప్పి మళ్లీ ఆ రైతు దగ్గరికి రండి. రెండు వాక్యాలు చాలు.

బాగాలేనిది రాయడం

బాగాలేదని రాస్తే వాళ్లు నొచ్చుకుంటారేమో అని పిల్లలకు ఒక టెన్షన్ ఉంటుంది. పగలంతా చేనులోనో కొట్లోనో పనిచేసి, రాత్రిళ్లు రిహార్సల్ చేసి, తమ డబ్బు పెట్టి డ్రెస్సులు అద్దెకు తెచ్చుకుని ఆడేవాళ్లు వీళ్లు. గౌరవం ఉండాల్సిందే. అయితే అన్నీ బాగున్నాయని రాయడం వాళ్లను సరిగా చూడలేదని చెప్పడమే. దోషాన్ని కూడా ప్రశంస రాసినట్టే రాయండి, అంటే ఎక్కడ, ఏం జరిగింది, దానివల్ల సీనుకు ఏమైంది. "లైటింగ్ బాగాలేదు" అని వదిలేయకుండా, "తండ్రి ఉత్తరం చదివే సమయానికి వెలుగు తల్లి మీద ఉంది, అందువల్ల ఉత్తరంలో వార్త ఆయన ముఖం మీద మనకు కనపడలేదు, ఆమె ఏడ్చాకే తెలిసింది" అని రాయండి. రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, అది పొరపాటా, కావాలని చేశారా అని కూడా ఆలోచించండి. ఈ ఉదాహరణలో కావాలనే చేసి ఉండొచ్చు, తండ్రి బాధను తల్లి ద్వారా చూపించడం కోసం. అట్లా అనుమానం వస్తే ఆ రెండు అవకాశాలూ రాసి, మీకు ఏది నిజమనిపిస్తుందో, ఎందుకో చెప్పండి.

మాటలు మాత్రం జాగ్రత్త. "అద్భుతం", "అమోఘం", "జీవించాడు", "ఒదిగిపోయాడు" ఈ నాలుగూ కొట్టేసి, వాటి స్థానంలో ఏం చేశాడో రాయండి.

కూర్చుని రాసేటప్పుడు

వెయ్యి మాటల వ్యాసమనుకుందాం. మొదటి పేరా వంద మాటలు దాటొద్దు: ఏ నాటకం, ఎవరు ఆడారు, ఎక్కడ, ఎప్పుడు, మీ ప్రశ్న ఏంటి. కథ రెండు మూడు వాక్యాల్లో, అది కూడా మీ ప్రశ్నకు కావలసినంతే. తర్వాత ఏడెనిమిది వందల మాటలు మీ మూడు చుక్కలవి. వాటిని నాటకంలో వచ్చిన వరసలో పెట్టాలని లేదు, మీ ప్రశ్నకు తక్కువ సమాధానం ఇచ్చేది ముందు, ఎక్కువ ఇచ్చేది చివర పెడితే చదివేవాళ్లు మీతో పాటు నడుస్తారు. చివరి పేరాలో చెప్పిందే మళ్లీ చెప్పకుండా, మీ ప్రశ్నకు దొరికిన జవాబు చెప్పి ఆపండి.

పద్యం రాయాల్సి వస్తే జ్ఞాపకం నుంచి రాయొద్దు, పుస్తకం తెరిచి చూసి రాయండి. స్టేజీ మీద నటుడు మాట మార్చి ఉండొచ్చు, మీ చెవికి ఇంకోలా వినపడి ఉండొచ్చు. నాలుగు పాదాలూ దించక్కర్లేదు, మీరు మాట్లాడుతున్న పాదం ఒక్కటి చాలు. పుస్తకంలో మాటకూ స్టేజీ మీది మాటకూ తేడా ఉంటే అదే రాయండి.

పరీక్ష హాల్లో అయితే ఇంత సమయం ఉండదు. పది మార్కుల ప్రశ్నకు ఒకే సీను తీసుకోండి, మూడు పేరాలు, ప్రతి పేరాలో ఒక అభినయం. నాటకం చూసిన రోజు రాసుకున్న ఆ ఇరవై నిమిషాల కాగితం పరీక్ష ముందు రోజు చదువుకుంటే చాలు, గైడు అక్కర్లేదు.

ఇచ్చేముందు ఒకసారి గట్టిగా బయటికి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం విరగ్గొట్టండి. నాటకం పేరు, రచయిత, దర్శకుడు, బృందం, ఊరు, తేదీ సరిచూసుకోండి, ఇవన్నీ కరపత్రం మీదో స్టేజీ వెనక బ్యానర్ మీదో ఉంటాయి, అందుకే ఆ రాత్రే బ్యానర్‌ను ఫోటో తీసుకోమంటాను. నటుల పేర్లలో ఒక్క అక్షరం తప్పినా వాళ్లకు కష్టంగా ఉంటుంది.

వ్యాసం దిద్దించుకున్నాక ఒక జిరాక్స్ తీసి ఆ బృందానికి ఇచ్చి రండి. వాళ్లకు చప్పట్లు చాలానే దక్కుతాయి, మూడో సీనులో మీ చెయ్యి ఇట్లా కదిలింది, అప్పుడు నాకు ఇది అర్థమైంది అని రాసి ఇచ్చేవాళ్లు దొరకరు. మా విద్యార్థిని ఒకామె అట్లా ఇచ్చి వస్తే, ఆ సంవత్సరం కురుక్షేత్రం రిహార్సల్‌కు ఆమెను పిలిచి, హార్మోనియం పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాతి వ్యాసం ఆమె అక్కడి నుంచి రాసింది.